కంపెనీ వదిలేసినా నడిచే పోర్టు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరంది ఉండాలి. ఈ షరతులు బంజారాహిల్స్‌లో ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టి ఉండవు. నిజామాబాద్, బోధన్ దిక్కు మాత్రం లెక్క వేరు. ఇక్కడ డిగ్రీ పిల్లల బ్యాగుల్లో, జిరాక్స్ సెంటర్ల కౌంటర్ల మీద కనబడేవి చాలావరకు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్‌హ్యాండ్‌కు కొనుక్కొచ్చిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు. నాలుగో తరం ఐ5, లేకపోతే ఆరో తరంది. కీబోర్డు రాయిలా ఉంటుంది, ఒక ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు. మిషన్‌కు ఏ రోగమూ లేదు, పత్రాల్లో మాత్రం ముసలిదైపోయింది. అందుకే విండోస్ బదులు లినక్స్ రకాలైన ఉబుంటూనో లినక్స్ మింటో వేయించుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు.

అలా వేసేటప్పుడు అనుభవం ఉన్న మెకానిక్ చేసే మొదటి పని, లాప్‌టాప్ పక్కనున్న పోర్టులో నెట్ వైరు గుచ్చడం. వైఫై ఉండగా వైరెందుకంటే, కొన్ని కంపెనీల వైఫై చిప్పులకు విడిగా ఒక ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి. అది దించుకోవాలంటే నెట్ ఉండాలి. నెట్ రావాలంటే ఆ ఫైలు ఉండాలి. ఈ చిక్కుముడిని విప్పేది వైరే. గుచ్చగానే పక్కన పచ్చలైటు వెలుగుతుంది, రెండు మూడు సెకన్లలో నెట్ వచ్చేస్తుంది. సీడీ అడగదు, లాప్‌టాప్ కంపెనీ సైటుకు పోయి వెతకమనదు.

ఆ రెండు మూడు సెకన్లలో పని చేసేది ఈథర్నెట్ డ్రైవర్, అంటే ఆ పోర్టు చిప్పును నడిపే ప్రోగ్రాం. అది ఎక్కడినుంచి వచ్చిందన్నదే ఈ అధ్యాయం. చాలాసార్లు అది లాప్‌టాప్ తయారీదారు ఇచ్చింది కాదు. చిప్పు తయారీదారు మొదలుపెట్టి ఉండొచ్చు గానీ ఇన్నేళ్లూ దాన్ని సాకింది వేరేవాళ్లు. కొన్నిసార్లు చిప్పు కంపెనీ సమాచారమే ఇవ్వనంటే దాన్ని బయటినుంచే చదివి రాసినవాళ్లున్నారు. ఇలా ఊరందరి చేతుల మీద పెరిగిన డ్రైవర్ కంపెనీ డ్రైవరంత వేగంగా ఉంటుందా అని అడుగుతారు. వేగంలో తేడా కనబడేది చాలా అరుదు. తేడా ఉండేది మిగతాచోట, ఎక్కువమంది చూడనిచోట.

ముందు వేగం సంగతే తేల్చేద్దాం. గిగాబిట్ పోర్టు అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్లు. బాగున్న లాప్‌టాప్‌లో, బాగున్న వైరు మీద కొలిస్తే 941 వస్తుంది. మిగతా 59 ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. ఈథర్నెట్ ప్యాకెట్‌లో ఐపీ మూట మామూలుగా 1500 బైట్లు. దాని ముందూ వెనకా చిరునామాలు, తప్పు పట్టే సంకేతం, ప్యాకెట్ మొదలవుతోందని చెప్పే గుర్తులు, రెండు ప్యాకెట్ల మధ్య విరామం, ఇవన్నీ కలిపి ఇంకో 38. అంటే తీగ మీద ఒక్కో ప్యాకెట్ ఆక్రమించేది 1538 బైట్లు. ఆ 1500లోనూ ఐపీ, టీసీపీ శీర్షికలకు 52 పోతాయి. మన ఫైలుకు దక్కేది 1448. 1448ని 1538తో భాగించి వెయ్యితో గుణిస్తే 941. మంచి డ్రైవర్లన్నీ ఈ గీత దగ్గరే ఆగుతాయి. ఊరి డ్రైవరైనా, కంపెనీ డ్రైవరైనా దీన్ని దాటే దారి లేదు. అందుకే ‘ఈ డ్రైవర్ వేస్తే మీ నెట్ రెండింతలు’ అని ఎవరైనా చెబితే, జేబు మీద ఓ చెయ్యి వేసి వినాలి.

మరి డ్రైవర్ పనితనం ఎక్కడ తెలుస్తుంది? ఆ 941ని అందుకోవడానికి ప్రాసెసర్‌ను ఎంత అలసగొట్టింది అన్నచోట. నిండు ప్యాకెట్లతోనే గిగాబిట్ తీగ మీద సెకనుకు దాదాపు 81 వేల ప్యాకెట్లు వస్తాయి. అన్నీ అతి చిన్న ప్యాకెట్లయితే 14,88,095. ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ చిప్పు ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఆ పిలుపును ఇంటరప్ట్ అంటారు. ప్రాసెసర్ చేతిలో పని వదిలి, ఎక్కడ వదిలిందో రాసిపెట్టుకుని, వచ్చి చూసి, మళ్లీ వెనక్కి పోవాలి. సెకనుకు 81 వేలసార్లు అలా చేస్తే అసలు పని చేసేదెప్పుడు? దీని విరుగుడు ఒక పోలికతో తేలిగ్గా అర్థమవుతుంది.

షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజులు బోధన్‌లో చాలామందికి గుర్తే. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. గానుగాట జోరుగా ఉన్నప్పుడు ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు, ట్రాక్టర్లు, లారీలు బారులు తీరేవి. కాటా దగ్గర ఒక గుమస్తా ఉన్నాడనుకోండి. బండి వచ్చినప్పుడల్లా గంట కొట్టి ఆయన్ను పిలుస్తారు. రోజుకు పది బండ్లొచ్చే కాలంలో ఈ పద్ధతి మంచిదే, మిగతా సమయం ఆయన లెక్కలు రాసుకోవచ్చు. బారు కిలోమీటరు పెరిగినప్పుడు కూడా బండికో గంట కొడితే గుమస్తా గంట వినడానికే సరిపోతాడు. తెలివైన గుమస్తా ఏం చేస్తాడు? మొదటి గంటకు లేచి వచ్చి, గంట ఆపేయించి, బారు వెంట నడుస్తూ వరసగా బండ్లు చూసుకుంటూ పోతాడు. బారు అయిపోయాక, ఇక కొత్త బండి వస్తే కొట్టమని చెప్పి కూర్చుంటాడు. లినక్స్‌లో 2001 ప్రాంతంలో జమాల్ హాదీ సలీం, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ తెచ్చిన పద్ధతి సరిగ్గా ఇదే. దాని పేరు నాపీ. ఒక్క విడతలో మామూలుగా 64 ప్యాకెట్లకు మించి చూడనివ్వదు, లేకపోతే నెట్ పని ఒక్కటే ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చుంటుంది. ఈ ముగ్గురూ ఏ ఒక్క చిప్పు కోసమో రాయలేదు. ఒకసారి చట్రం కుదిరాక ఒక్కో డ్రైవర్‌నూ అందులోకి మార్చుకుంటూ వచ్చారు. కంపెనీ విడిగా పంచే డ్రైవర్‌కూ అందరూ కలిసి పెంచే డ్రైవర్‌కూ మధ్య మొదటి తేడా ఇక్కడ పుడుతుంది. ఒకచోట వచ్చిన తెలివి మిగతా అన్ని డ్రైవర్లకూ పాకుతుంది.

చిప్పే తెలివితక్కువదైతే డ్రైవర్ ఎంత చేసినా కొంతే. ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో తక్కువ ధర కార్డుల్లో, చాలా లాప్‌టాప్‌లలో కూడా ఉన్నది రియల్‌టెక్ ఆర్‌టీఎల్8139. తైవాన్ కంపెనీ. చిప్పు మీద చిన్న ఎండ్రకాయ బొమ్మ ఉంటుంది, అదే వాళ్ల గుర్తు. వంద మెగాబిట్ల ఈ చిప్పు వచ్చిన ప్యాకెట్లన్నిటినీ ఒకే పొడుగాటి బఫర్‌లో ఒకదాని వెనక ఒకటి పడేస్తుంది. మంచి చిప్పులైతే ఏ ప్యాకెట్‌ను మెమరీలో ఎక్కడ పెట్టాలో డ్రైవర్ ముందే చెబుతుంది, అవి నేరుగా అక్కడే పెడతాయి. 8139కి ఆ వసతి లేదు. కాబట్టి ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ స్వయంగా ఇంకోచోటికి కాపీ చేసుకోవాలి. పంపేటప్పుడు ఒకేసారి నాలుగు ప్యాకెట్ల వరకే వరసలో పెట్టగలదు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు దీని డ్రైవర్ రాసిన బిల్ పాల్ ఆ కోడ్‌లోనే వ్యాఖ్య రూపంలో ఈ చిప్పును చెడామడా తిట్టిపోశాడు, చవకబారుతనానికి ఇది కొత్త అర్థం చెప్పిందన్నట్టుగా. తిట్టినా డ్రైవర్ రాసిచ్చాడు. లినక్స్ పక్కన జెఫ్ గార్జిక్ 8139టూ పేరుతో ఇంకోటి రాశాడు. చవక చిప్పులే పేద ఊళ్లకు చేరతాయి కాబట్టి, ఇలాంటి చిప్పుతో గొడవపడి డ్రైవర్ రాసినవాడే మనకు ఎక్కువ ఉపకారం చేసినట్టు.

ఈ పరంపర మొదటికి వెళితే డొనాల్డ్ బెకర్ కనిపిస్తాడు. లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ గురించి ప్రకటించింది 1991 ఆగస్టులో. తర్వాతి నాలుగైదేళ్లలో మార్కెట్లో దొరికే ఈథర్నెట్ కార్డులకు వరసబెట్టి డ్రైవర్లు రాసినవాడు బెకర్. నాసా గొడ్డార్డ్ కేంద్రానికి అనుబంధంగా ఉన్న సెస్‌డిస్ అనే సంస్థలో పనిచేసేవాడు. 1994లో థామస్ స్టెర్లింగ్‌తో కలిసి 16 మామూలు 486 కంప్యూటర్లను ఈథర్నెట్‌తో కట్టి బియోవుల్ఫ్ అనే గణన సముదాయం చేశాడు. ఆ కాలపు తీగ వేగం పది మెగాబిట్లు, శాస్త్రవేత్తల అవసరానికి చాలదు. రెండు కార్డులు పెట్టి, రెండు తీగల మీద ప్యాకెట్లను పంచి పంపించే ఏర్పాటు డ్రైవర్ల పక్కనే చేసుకున్నాడు. కంపెనీ డ్రైవర్‌లో లేని సదుపాయాన్ని అవసరమున్నవాడే చేర్చుకోగలిగాడు, ఎందుకంటే కోడ్ ఆయన చేతిలోనే ఉంది.

కోడ్ చేతిలో లేనప్పుడు కథ ఇంకోలా ఉంటుంది. 2000ల మొదట్లో ఎన్విడియా ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్‌లు వచ్చాయి, వాటిలోనే ఈథర్నెట్ కూడా. చిప్పు వివరాలు ఎన్విడియా బయటపెట్టలేదు. లినక్స్‌కు ఎన్విఎన్ఈటీ పేరుతో ఒక మూసిన డ్రైవర్ ఇచ్చింది, దాని లోపల ఏముందో చూడనివ్వదు. లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ కొత్తది వచ్చినప్పుడల్లా ఎన్విడియా దయ కోసం కాచుకోవాలి. అప్పుడు కార్ల్-డానియెల్ హైల్‌ఫింగర్, ఆండ్రూ డి క్విన్సీ, మాన్‌ఫ్రెడ్ స్ప్రాల్ పని పంచుకున్నారు. మూసిన డ్రైవర్ నడుస్తుంటే చిప్పులోని ఏ రిజిస్టర్‌లో ఏ అంకె రాస్తోందో, తిరిగి ఏం చదువుతోందో గమనించి ఒక వివరణ పత్రం తయారు చేయడం ఒక పక్క. అసలు డ్రైవర్ కోడ్ జోలికి పోకుండా, ఆ పత్రాన్ని మాత్రమే ముందు పెట్టుకుని కొత్త డ్రైవర్ రాయడం ఇంకో పక్క. కాపీ కొట్టారన్న మాట రాకుండా ఈ గోడ. 2003లో ఫోర్స్‌డెత్ అనే డ్రైవర్ వచ్చింది. ఈథ్ అనే మాటను ఇరికించి పెట్టిన ఆ పేరులో కాస్త కసి కూడా వినబడుతుంది నాకైతే. కొన్నేళ్లకు ఎన్విడియా ఇంజినీర్లే దానికి ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, పంపడం మొదలుపెట్టారు, సొంత డ్రైవర్‌ను పక్కన పెట్టి ఇదే వాడమన్నారు. గిగాబిట్ మద్దతు, లెక్కలు చిప్పుకే అప్పగించే సదుపాయాలు అన్నీ అందులోకే వచ్చాయి. దొంగచాటుగా చూసి రాసినదే చివరికి అధికారిక డ్రైవరైంది.

ఇక మన లాప్‌టాప్‌ల సంగతికి వద్దాం. అడుగు మూత తీసి చూస్తే నెట్ పోర్టు పక్కన, బిజినెస్ తరగతివైతే చాలావరకు ఇంటెల్ చిప్పు, చవకవాటిలో ఎక్కువగా ఎండ్రకాయ గుర్తున్న ఆర్‌టీఎల్8111 కనిపిస్తుంది. ఈ రెండో దానికి లినక్స్‌లో రెండు డ్రైవర్లున్నాయి. ఆర్8169 కెర్నల్‌లో భాగం. 2003 నుంచి చాలాకాలం ఫ్రాన్సువా రోమ్యూ చూసుకున్నాడు, 2018 నుంచి హైనర్ కాల్‌వైట్ చూస్తున్నాడు. ఆర్8168 రియల్‌టెక్ విడిగా పంచేది. అది కూడా జీపీఎల్ లైసెన్సుతో వచ్చే తెరిచిన కోడే, కాబట్టి ఇక్కడ గొడవ తెరిచిందా మూసిందా అన్నది కాదు. కెర్నల్ లోపల ఉందా బయట ఉందా అన్నది.

లోపల ఉంటే లాభం ఇలా ఉంటుంది. కెర్నల్‌లో ఏ అంతర్గత ఫంక్షన్ అయినా మారితే, మార్చినవాడే దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ సరిచేయాలి, అది అక్కడి ఆనవాయితీ. బయటున్న డ్రైవర్‌కు ఆ రక్షణ లేదు. కెర్నల్ అప్‌డేట్ అయిన మర్నాడు అది కంపైల్ కాక, నెట్ పోయి కూర్చుంటుంది. దాన్ని మళ్లీ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు దించుకోవాలంటే నెట్ కావాలి. మొదట చెప్పిన చిక్కుముడే, ఈసారి వైరు కూడా ఆదుకోదు.

మరి ఆర్8168ని ఎవరైనా ఎందుకు వేస్తారు? కారణాలున్నాయి. రియల్‌టెక్ ఒకే గుర్తింపు సంఖ్యతో, 10ఈసీ:8168 అని, ఎన్నో ఏళ్లపాటు 8111తో సహా రకరకాల చిప్పులు అమ్మింది. బయటికి అన్నీ 8168లే, లోపల డజన్ల కొద్దీ రకాలు. ఏ రకమో తెలుసుకోవడానికి డ్రైవర్ ఒక రిజిస్టర్‌లోని అంకెను చదవాలి. కెర్నల్ లాగ్ చూస్తే ‘ఆర్‌టీఎల్8168హెచ్, ఎక్స్ఐడీ 541’ లాంటి వరస కనబడుతుంది, ఆ 541 అదే. ఒక్కో రకానికి ఒక్కో జబ్బు, ఒక్కో వైద్యం. ఒకదానికి చెక్‌సమ్ అనే తప్పు పట్టే లెక్కలు చిప్పుకు అప్పగించవచ్చు, ఇంకోదానికి అప్పగిస్తే కొన్ని సైజుల ప్యాకెట్లు చెడతాయి. కొత్త రకం చిప్పు మార్కెట్‌లోకి రాగానే దాని వైద్యం మొదట తెలిసేది కంపెనీకే, కాబట్టి ఆర్8168 కొన్ని నెలలు ముందుంటుంది. తర్వాత ఆర్8169 అందుకుంటుంది. 2.5 గిగాబిట్ల ఆర్‌టీఎల్8125కు 2019 నవంబర్ నాటి 5.4 కెర్నల్‌లోనే ఆర్8169లో చోటు దొరికింది.

లాప్‌టాప్‌లో అసలు పరీక్ష కరెంటు పొదుపు. చిప్పుకూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి, పని లేనప్పుడు కునుకు తీయగలదు. ఈ ఏర్పాటును ఏఎస్‌పీఎం అంటారు. ఎల్1, ఎల్1.1, ఎల్1.2 అని దాని నిద్రకు మెట్లున్నాయి. నెట్ చిప్పు దారి మేలుకునే ఉంటే ప్రాసెసర్ కూడా లోతైన నిద్రలోకి పోలేదు. విచిత్రం ఏమిటంటే మీరు వైఫై మీదే ఉండి, నెట్ పోర్టులో ఏ వైరూ లేకపోయినా, ఆ పోర్టు డ్రైవర్ సరిగా లేకపోతే బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. సరే, అన్నిట్లో ఏఎస్‌పీఎం ఆన్ చేసేద్దామంటే కొన్ని మదర్‌బోర్డుల మీద కొన్ని రియల్‌టెక్ రకాలు నిద్రలోంచి సమయానికి లేవవు. ప్యాకెట్లు పోతాయి, లేదా పోర్టు మొత్తం కొయ్యబారిపోతుంది. ఆర్8169లో ఈ సదుపాయాన్ని ఒకసారి తెరవడం, ఫిర్యాదులొస్తే మూయడం, కొన్ని రకాలకే మళ్లీ తెరవడం ఏళ్లతరబడి సాగింది. కంపెనీ దగ్గర ఒక ప్రయోగశాల ఉంటుంది, అందులో కొన్ని బోర్డులే ఉంటాయి. లోకంలో ఉన్న ఏ లాప్‌టాప్ ఏ చిప్పుతో ఎలా తగువు పడుతుందో తెలియాలంటే, వాడేవాళ్లు చెప్పడం ఒక్కటే దారి. వైరు పీకేసినప్పుడు కూడా ఈ డ్రైవర్ ఒక మంచి పని చేస్తుంది. విద్యుత్ పొదుపు సెట్టింగ్ ఆటోలో ఉంటే, పది సెకన్లు చూసి చిప్పును పడుకోబెడుతుంది. వైరు మళ్లీ తగలగానే లేపుతుంది.

బఫర్ల సంగతి ఇంకోటి. ఇంట్లో ఒకరు పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తుంటే ఇంకొకరి వీడియో కాల్ నత్తనడక నడవడం అందరం చూసిందే. దారిలో ఎక్కడెక్కడో ప్యాకెట్లు పొడుగు వరసల్లో చిక్కుకుపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. జిమ్ గెట్టిస్ 2010–11లో దీన్ని బఫర్‌బ్లోట్ అని అందరి దృష్టికీ తెచ్చాడు. 2012లో 3.3 కెర్నల్‌లో టామ్ హెర్బర్ట్ చేర్చిన బీక్యూఎల్ అనే ఏర్పాటు, చిప్పు వరసలో అవసరానికి మించి బైట్లు పేరుకోకుండా చూస్తుంది. డ్రైవర్‌లో దానికి కావాల్సింది ఐదారు వరసల కోడ్. ఆ ఐదారు వరసలున్నాయా లేవా అన్నది 941 అంకెలో ఎక్కడా కనబడదు, కాల్‌లో గొంతు తెగిపోతుందా లేదా అన్నచోట కనబడుతుంది.

డ్రైవర్ మీద పడే నిందల్లో సగానికి అసలు ముద్దాయి వైరు. నిజామాబాద్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో 300 మెగాబిట్ల ఫైబర్ ప్లాన్ పెట్టించారు. వైఫైలో 200 పైన వస్తోంది, వైరు పెడితే మాత్రం 94 దగ్గర ఆగిపోతోంది. కనెక్షన్ ఇచ్చినతను వచ్చాడు.

“మా దిక్కు లైను మంచిగనే ఉన్నది సార్. మీ లాప్‌టాప్‌ల డ్రైవర్ ఖరాబైనట్టుంది, అప్‌డేట్ కొట్టుండ్రి.”

“లినక్స్ వేసినంక అప్‌డేట్ ఏడికెళ్లి కొట్టాలె అన్నా? అన్నీ కొత్తయే ఉన్నయి.”

94 అన్న అంకెలోనే జవాబుంది. గిగాబిట్‌కు 941 ఎలాగో, వంద మెగాబిట్ల తీగకు 94.1 అలాగ. అంటే వంద దగ్గర పొత్తు కుదిరింది. నెట్ వైరులో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. మన దగ్గర క్రింపింగ్ చేసేవాళ్లకు వరస నోటికే వచ్చు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వంద మెగాబిట్లకు ఇందులో 1, 2, 3, 6 స్థానాలు చాలు, అంటే నారింజ జత, ఆకుపచ్చ జత. 1999లో ప్రమాణంగా వచ్చిన రాగితీగ గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ తెగినా, కనెక్టర్ పిన్ను దాని గుండెకు దిగకపోయినా, గిగాబిట్ నిలవదు. రెండు పక్కలా చిప్పులు కొన్నిసార్లు ప్రయత్నించి, తమంతట తాము వందకు దిగిపోతాయి. నెట్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి వైరు మీద ఎవరికీ అనుమానం రాదు.

ఎథ్‌టూల్ అని కొట్టి చూస్తే వేగం 100 అని చూపించింది, ఎదుటి పక్క రూటర్ మాత్రం 1000కి సిద్ధమనే చెబుతోంది. కెర్నల్ లాగ్‌లో ఇంకా సూటిగా ఉంది: మాట్లాడుకున్న వేగం ఒక గిగాబిట్, నడుస్తున్నది వంద, వైరు చూసుకోండి అని. 2020 ప్రాంతం నుంచి కెర్నల్ ఈ హెచ్చరిక ఇస్తోంది. పాత డ్రైవర్లలో ఒక్కోటీ చిప్పులోని తీగ వైపు భాగాన్ని తన పద్ధతిలో తాను నడుపుకునేది. ఆర్8169ని కాల్‌వైట్ 4.19 కెర్నల్ నాటికి ఫిలిబ్ అనే ఉమ్మడి చట్రంలోకి మార్చాడు. ఆ చట్రంలోనే తర్వాత ఈ హెచ్చరిక చేరింది కాబట్టి, అందులో ఉన్న డ్రైవర్లకు ఇలాంటివి దాదాపు ఊరికే వచ్చేస్తాయి. వైరు కొస కత్తిరించి కొత్త కనెక్టర్ వేశాక 300 ప్లానుకు 300 వచ్చింది. గోధుమరంగు తీగ లోపలే విరిగి ఉంది. డ్రైవర్ నిరపరాధి, పైగా సాక్ష్యం కూడా అదే చెప్పింది.

ఎప్పుడూ నిరపరాధే అనను. 2008 సెప్టెంబర్‌లో 2.6.27 కెర్నల్ పరీక్షా విడుదలలు వాడినవాళ్లలో కొందరికి లాప్‌టాప్‌లో ఇంటెల్ ఈథర్నెట్ చచ్చిపోయింది. రీబూట్ చేస్తే లేచే చావు కాదు. చిప్పు తన చిరునామా, అమరికలు దాచుకునే చిన్న శాశ్వత మెమరీలో చెత్త పడింది, ఏ ఓఎస్ వేసినా పోర్టు కనబడదు. మొదట అందరి వేలూ ఇంటెల్ చిప్పులకున్న ఈ1000ఈ డ్రైవర్ వైపే చూపించింది. ఇంటెల్ ఇంజినీర్లు ఆ శాశ్వత మెమరీకి రాత తాళం వేసే ప్యాచ్ ఇచ్చారు. నిజమైన దోషి తర్వాత దొరికింది: కెర్నల్ నడకను గమనించడానికి కొత్తగా చేర్చిన డైనమిక్ ఎఫ్‌ట్రేస్. అది కోడ్ ఉండే చోట్లను గుర్తుపెట్టుకుని తర్వాత వాటిని మార్చేది. మధ్యలో ఆ కోడ్ ఖాళీ అయిపోయి, అదే చిరునామాలోకి నెట్ చిప్పు శాశ్వత మెమరీ వచ్చి కూర్చునేది. పాత గుర్తు ప్రకారం ఎఫ్‌ట్రేస్ అక్కడ రాసేది. కంప్యూటర్ ప్రపంచంలో ఇంతకన్నా దురదృష్టకరమైన అద్దె మార్పిడి నాకు తెలియదు. దీని నిర్ధారణ మొత్తం బహిరంగంగా, పోర్టులు పోగొట్టుకున్నవాళ్ల సాక్ష్యాలతో జరిగింది. ప్రమాదం కూడా ఉమ్మడిదే, శవపరీక్షా ఉమ్మడిదే.

ఒక ఓఎస్‌లో పుట్టిన డ్రైవర్ ఇంకో ఓఎస్‌కు వలసపోవడం కూడా ఉంది. ఆపిల్ తయారుచేయని లాప్‌టాప్‌ల మీద మాక్ఓఎస్ వేసుకునే సరదా ఒకటి ప్రపంచమంతా నడిచింది. ఆపిల్ లైసెన్సు దానికి ఒప్పుకోదు, ఆ సంగతి వేరు. ఆ యంత్రాల్లోని నెట్ చిప్పులకు ఆపిల్ డ్రైవర్లు ఉండవు కాబట్టి మీసే అనే మారుపేరున్న డెవలపర్ రెండు రాశారు. ఇంటెల్ చిప్పులకు ఇంటెల్‌మౌసీ, రియల్‌టెక్‌కు ఆర్‌టీఎల్8111. మొదటిదానికి ఇంటెల్ లినక్స్ డ్రైవర్ ఆధారం, రెండోదానికి రియల్‌టెక్ లినక్స్ డ్రైవర్. వాటిలో నాకు నచ్చిన వివరం ఒకటుంది. ప్యాకెట్లను కాపీ చేయకుండా నేరుగా పైకి అందిస్తాయి, చిన్న ప్యాకెట్లను మాత్రం కాపీ చేస్తాయి. పైకి చూస్తే తలకిందులుగా ఉంది. కానీ 60 బైట్ల ప్యాకెట్ కోసం కొత్త బఫర్ కేటాయించే ఖర్చు కన్నా, ఆ 60 బైట్లు కాపీ చేసి పాత బఫర్‌నే మళ్లీ చిప్పుకు ఇచ్చేయడం చవక. ఈ కిటుకు లినక్స్ డ్రైవర్లలో పాతదే, జీపీఎల్ పుణ్యమా అని సరిహద్దు దాటింది.

తెలుగువాళ్ల సంగతేమిటి? స్వేచ్ఛ పేరుతో 2005లో మొదటి తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలైంది. అదే పేరున్న సంస్థ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలేజీల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి ప్రచారం చేస్తూ వచ్చింది. మెనూలు తెలుగులోకి తేవడం వాళ్ల పెద్ద పని, అది కావలసిన పనే. డ్రైవర్ల వైపు మన చేతులు అంతగా పడలేదనిపిస్తుంది నాకు. అవకాశం లేక కాదు. నిజామాబాద్‌కు 35 కిలోమీటర్ల దూరంలోనే బాసర ఉంది. 2008లో మొదలైన అక్కడి ట్రిపుల్ఐటీ ఊరి పిల్లల చేతికి లాప్‌టాప్ ఇచ్చి, పాఠాలు నెట్‌వర్క్ మీద నడపాలన్న ఆలోచనతో పుట్టింది. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది, నిజామాబాద్‌లో 2023లో ఐటీ హబ్ తెరిచారు. పాత లాప్‌టాప్‌లకైతే కొదవే లేదు. డ్రైవర్ల లోకంలో పాత లాప్‌టాప్ చెత్త కాదు, పరికరం. తొమ్మిదేళ్ల నాటి ఒక రియల్‌టెక్ రకం జర్మనీలోనో అమెరికాలోనో నిర్వాహకుడి బల్ల మీద ఉండకపోవచ్చు, బోధన్‌లో జిరాక్స్ సెంటర్‌లో ఉంటుంది.

దానితో చేయగలిగింది కూడా చిన్నదేం కాదు. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక లాప్‌టాప్ నిద్రలేచినప్పుడు నెట్ రావడం లేదనుకోండి. పాతదానిలో వచ్చేది, కొత్తదానిలో రావట్లేదు. మధ్యలో పదిహేను వేల మార్పులు జరిగి ఉండొచ్చు, ఏది చెడగొట్టిందో కోడ్ చదివి పట్టుకోవాలంటే నిపుణులకూ తల తిరుగుతుంది. కోడ్ చదవకుండానే పట్టుకునే ఉపాయం గిట్ బైసెక్ట్. సరిగ్గా మధ్యలో ఉన్న మార్పు దగ్గర ఆగి కెర్నల్ కట్టి, నిద్రపుచ్చి లేపి చూడాలి. నెట్ వస్తే తప్పు తర్వాతి సగంలో, రాకపోతే ముందు సగంలో. మళ్లీ ఆ సగంలో సగం. పదిహేను వేలకు పద్నాలుగు సార్లు చాలు. నాలుగో తరం ఐ5 మీద ఒక్కోసారి కెర్నల్ కట్టడానికి గంటలు పడుతుంది, కరెంటు పోతే ఇంకా ఎక్కువ. ఓ వారం రాత్రుళ్ల పని. చివరికి చేతిలో మిగిలేది ఒకే ఒక్క మార్పు, దాన్ని ఎవరు ఎప్పుడు చేశారో పేరుతో సహా.

దాన్ని డ్రైవర్ నిర్వాహకుడికి రాసేటప్పుడు జత చేయాల్సినవి తక్కువే: ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ చూపే చిప్పు గుర్తింపు సంఖ్య, లాగ్‌లోని ఎక్స్ఐడీ, ఎథ్‌టూల్ చూపించిన అమరికలు, పాత కొత్త కెర్నల్ నంబర్లు. ‘నెట్ పనిచేయట్లేదు’ అన్న వాక్యానికి ఎవరూ జవాబివ్వరు, ఈ నాలుగూ ఉన్న ఉత్తరానికి మాత్రం తరచుగా రోజుల్లోనే ఒక ప్యాచ్ వస్తుంది, వేసి చూడమని. అది పనిచేస్తే ఆ ప్యాచ్ కెర్నల్‌లోకి పోతుంది. దాని కింద ఫిర్యాదు చేసినవారి పేరు ఒక వరస, పరీక్షించినవారి పేరు ఒక వరస చేరతాయి. తర్వాతి కెర్నల్ నుంచి అదే ఎక్స్ఐడీ ఉన్న లాప్‌టాప్‌లన్నీ, ఆ పేరు ఎవరిదో తెలియకుండానే, నిద్రలేచి నెట్‌కు కలుస్తాయి.